అపార బంధుబళగం

నా భార్య చిక్కమ్మ చనిపోయిన మూడో రోజు పత్రికలో చిన్న వార్త వచ్చింది. చింతామణి నుంచి వెలువడే కన్నడ పత్రిక అది. మా ఊరు మిట్టేమరిలో ఆ పత్రిక ఏజెంటు ఫోన్ చేసి పేరు, ఊరు, వయసు చెప్పాడు. మిగతాది వాళ్లు కలుపుకున్నారు. చివరి వరస ఇది: ‘అపార బంధు బళగవన్ను అగలిద్దారె.’ అంతులేని బంధువర్గాన్ని విడిచిపోయారని అర్థం.

అది అబద్ధం. ఆమె పుట్టింటి నుంచి ఒక్కడు రాలేదు.

మా దిక్కు పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటి నుంచి చీర రావాలి. ఆ చీర కప్పకుండా పాడె లేపరు. చిక్కమ్మ పుట్టిల్లు కెంచార్లహళ్ళి. తల్లిదండ్రులు లేరు. తమ్ముడు నాగేశ్ ఉన్నాడు. పొద్దున్నే నేనే ఫోన్ చేశాను. విన్నాడు. సరే అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎండ దిగేదాకా వాకిట్లో కూర్చున్నాం. మాకు పిల్లలు లేరు. కూర్చున్నది నేను, ఊరివాళ్లు.

చివరికి చీర వచ్చింది. తెచ్చింది వినుత.

వినుత నాగేశ్ మొదటి భార్య. పాతికేళ్ల కిందట వాడు ఆమెను నడివీధిలోకి తోసి తలుపు వేసుకున్నాడు. తనంతట తానే పోయిందని కోర్టులో చెప్పాడు. ఆ రోజు చిక్కమ్మ ఆ ఇంట్లోనే ఉంది. కోర్టు పిలిస్తే పోయి, చూసింది చూసినట్టు చెప్పింది. ఆ మాటతో పుట్టిల్లు ఆమెకు మూతపడింది. కోర్టు పెళ్లి రద్దు చేసింది. వినుతకు పోవడానికి చోటు లేదు. చిక్కమ్మ మా ఇంట్లో పెట్టుకుంది. తర్వాత శిడ్లఘట్టలో పట్టు తీసే కార్ఖానాలో పట్టుగూళ్లు ఉడకబెట్టే పని దొరికింది. అక్కడే ఉంటోంది.

ఆమె చీర పట్టుకుని నిలబడితే పెద్దమనుషులు గొణిగారు. తెగిపోయిన కోడలు తెస్తే అది పుట్టింటి చీర ఎట్లా అవుతుందన్నారు. నేను ఆమె చేతిలోంచి తీసుకుని కప్పాను. గొణిగినవాళ్లే పాడె పట్టారు.

ఇదంతా అయిపోయిన సంగతి. వార్తను కూడా నేను వదిలేసి ఉండేవాడిని. కానీ చిక్కమ్మ పోయిన ఎనిమిదో నెలలో బాగేపల్లిలో ఒక పెళ్లికి పోయాను. పంక్తిలో నా పక్కన కూర్చున్నాయన మంచివాడిలాగే పలకరించాడు. మీ భార్య చావుకు కెంచార్లహళ్ళి వాళ్లు ఊరంతా కదిలి వచ్చారట కదా అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. నాగేశే చెప్పాడట. రెండో పెళ్లిలో పుట్టిన కూతురిని వీళ్ల వైపు ఇవ్వాలని మాట్లాడుతున్నాడట. అక్కను చివరికి కూడా చూడలేదని ఎవరో అంటే, పేపర్లోనే పడింది చూసుకోండి, బంధుబళగమంతా ఉండిరి అన్నాడట.

పత్రిక రాసిన అబద్ధం వాడికి సాక్ష్యమైంది. చిక్కమ్మ నిజం చెప్పి పుట్టిల్లు పోగొట్టుకుంది. వీడు అచ్చు చూపించి అక్కను సంపాదించుకున్నాడు. విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

మరుసటి రోజు చింతామణి పోయాను.

పత్రిక యజమాని రామకృష్ణయ్య, అందరికీ శెట్రు. కింద కిరాణా అంగడి, వెనక గదిలో పత్రిక, మిద్దె మీద పాత సంచికలు. ఆయన తండ్రి పెట్టిన పత్రిక. నేను వార్త ముక్క ముందు పెట్టి సవరణ వేయమన్నాను.

“ఏమి తప్పు పడిందప్పా? పేరా, వయసా?”

“అపార.”

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు. “ఏమి, తక్కువ అయ్యిందా?” అన్నాడు. గల్లా దగ్గర నిలబడిన ఇద్దరు నవ్వారు.

నేను నవ్వలేదు. జరిగింది చెప్పాను. నవ్విన ఇద్దరూ సామాను తీసుకుని వెళ్లిపోయారు. రామకృష్ణయ్య అంతా విన్నాడు. విని, అయినా కుదరదన్నాడు. అది వార్త కాదట, వరస అట. మంత్రం చివర స్వాహా ఉన్నట్టు చావు వార్త చివర అది ఉంటుందట. ఎవరూ దాన్ని చదవరట.

“మా నాయన పెట్టిన వరస అప్పా అది. పత్రిక పుట్టినప్పటి నుంచి చావు వార్త అట్లే ముగుస్తాండాది. నీ ఒక్కని కోసం తప్పు అని యేస్తే రేపు ఇంకొకడు వస్తాడు.”

“మీ నాయన రాసింది చూపీ శెట్రే.”

“మిద్దె మీద ఉండాయి అన్నీ. పో, చూసుకో. ఆయన రాయలేదని తేలితే నీ సవరణ నువ్వు చెప్పినట్టే యేస్తా.”

నన్ను వదిలించుకోవడానికి అన్న మాట అది. ముసలివాడు, రైతు, రెండు బస్సులు మారి ఎన్నిసార్లు వస్తాడులే అనుకున్నాడు. నేను ఊరిబడిలో చదివినవాడిని. కన్నడ అక్షరాలు కర్రతో కొట్టించుకుని నేర్చుకున్నాను. అట్లా నేర్చుకున్నవి మరిచిపోవు.

మిద్దె మీద గదిలో ఏడాదికొక కట్ట. గుడ్డ అట్టలు, ఎలుకల వాసన. కొన్ని ఏళ్లను చెదలు తినేశాయి. నేను ఇటు నుంచి అటు పోయాను, కొత్తవాటి నుంచి పాతవాటికి. ఇంటి పని తగ్గిన రోజుల్లో పొద్దున బస్సుకు వచ్చేవాడిని. చావు వార్తలు మాత్రమే చదవాలనుకున్నాను. కానీ మాట చావుల్లోనే ఉండదు కదా. అది కనిపించిన చోటల్లా ఆగాల్సి వచ్చింది.

ఈ మధ్య ఏళ్లలో ప్రతి చావుకూ అపార ఉంది. తప్పిన చావు ఒక్కటి లేదు. కింద కంప్యూటర్ దగ్గర కూర్చునే రూపేష్ అనే అతను ఆ కిటుకు చెప్పాడు. ఒక బటన్ నొక్కితే వరస మొత్తం దానంతటదే వచ్చి పడుతుందట. తను టైపు చేయడట. ఎవరు చచ్చినా నొక్కేదేనప్పా అన్నాడు.

ఎవరు చచ్చినా అంటే నిజంగానే ఎవరైనా. బస్టాండులో ఒక మనిషి చనిపోయాడు. ఊరు తెలియదు, పేరు తెలియదు. గళ్ల లుంగీ, తెల్ల గడ్డం. వారసులు ఎవరైనా ఉంటే పోలీసులను కలవాలని రాశారు. దాని కింద వరస: అపార బంధు బళగవన్ను అగలిద్దారె. ఆ సంచిక కిందికి తెచ్చి రామకృష్ణయ్య ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. రూపేష్‌ను పిలిచి చూపించాడు. రూపేష్ అది తాను చేరకముందుదని అన్నాడు. చేరిన తర్వాతిది కూడా ఒకటి ఉంది, అది మిద్దె మీదే ఉంచి వచ్చాను.

కంప్యూటర్లకు ముందు సీసం అక్షరాల కాలం. అప్పుడు బటన్ లేదు కదా, అయినా వరస ఒక్క అక్షరం తేడా లేకుండా ఎట్లా వచ్చిందని రామకృష్ణయ్యను అడిగాను. పేజీ అచ్చయ్యాక అక్షరాలు విప్పి అరల్లో వేస్తారట. ఈ ఒక్క వరసను విప్పకుండా దారం కట్టి పక్కన పెట్టేవాళ్లట. చావు రాగానే తీసి కింద అతికించడమే. అందుకే ‘బళగ’లో ళ తల విరిగి ఉంది. ఏళ్ల తరబడి ప్రతి చావులోనూ అదే విరిగిన ళ. ఎంతమంది చచ్చినా ఆ ఒక్క ళకే పని.

ఇంకా వెనక్కి పోయాను. అక్కడ ఆ మాటకు వేరే పనులు ఉన్నాయి. రథోత్సవానికి అపార జనం. ఎన్నికల్లో గెలిచినవాడికి అపార అభిమానం. రాళ్లవాన పడితే ద్రాక్షతోటలకు అపార నష్టం. గూళ్ల ధర పడిపోతే రైతులకు అపార నష్టం. పట్టుపురుగుకు తెగులు వస్తే అపార నష్టం. వాన లేని ఏళ్లలో జనమూ అభిమానమూ పోయి నష్టం ఒక్కటే మిగిలింది. వెనక్కి పోయేకొద్దీ అది ఎక్కువగా నష్టం పక్కనే కనిపించింది. నష్టం కోసం తెచ్చుకున్న మాటను తర్వాత బంధువులకు తగిలించారు. అది మాత్రం నాకు తప్పుగా తోచలేదు.

చివరికి వరస లేని కట్టలు వచ్చాయి.

అవి రామకృష్ణయ్య తండ్రి నడిపిన ఏళ్లు. చావు వార్తలు ఉన్నాయి. అపార లేదు. ఆయన వేరే విధంగా రాసేవాడు. పేరు, ఊరు, ఎట్లా పోయాడు, ఆ తర్వాత ఆ మనిషి గురించి ఒక్క మాట. పాము కరిచి పోయిన రైతు: ‘ఎద్దును కొట్టేవాడు కాదు.’ కాన్పులో పోయిన ఆమె: ‘బాగా ఈల వేసేది.’ ఒక సాహుకారు: ‘బాకీ మరిచేవాడు కాదు.’ సంతలో మజ్జిగ అమ్మే ముసలమ్మ: ‘నీళ్లు కలిపేది, అడిగితే ఒప్పుకునేది.’ నాకు తెలియని మనుషులు. వాళ్లలో ఎవరూ నన్ను విసిగించలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తినడం మరిచి చదివాను.

అక్కడి నుంచి మళ్లీ ఇటు తిప్పితే అపార బంధుబళగం మొదటిసారి వచ్చిన సంచిక దొరికింది. చనిపోయింది ఆ తండ్రే. కొడుకు రాసిన వార్త. ళ తల అప్పటికి విరగలేదు.

కట్ట మొత్తం ఎత్తుకుని కిందికి దిగాను. వాసవాంబ, ఆయన భార్య, అప్పుడే కాఫీ తెచ్చింది. నేను మిద్దె మీదికి వచ్చిపోవడం ఆమెకు అలవాటైంది. నాకూ ఒక లోటా పోసేది. సంచిక బల్ల మీద పరిచి వరస మీద వేలు పెట్టాను.

“మీ నాయన రాయలేదు శెట్రే. మీ నాయన చావుకు నువ్వు రాస్తివి. అంతకు ముందు యాడా లేదు.”

రామకృష్ణయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఇన్నేళ్లు అలవాటు చేసుకున్నాడో నాకు తెలియదు. వాసవాంబ వంగి చదివింది.

“అపారమా?” అంది. “ఆ పొద్దు నేను ఎసట్లో పోసిన బియ్యం నాకు తెలుసు వెంకటప్పా. ఈయప్ప అన్నలు ఇద్దరూ మా వాకిలి తొక్కలేదు. నాలుగో మనిషి లేక అచ్చు కూర్చే ఆదినారాయణప్ప పాడె మోసె.”

“నువ్వు లోపలికి పో.”

“పోతా. అడగప్పా, ఎందుకు రాసిరని.” ఆమె పోలేదు.

నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. అంగడి పంపకాల్లో అన్నలతో చెడింది. తండ్రి తన దగ్గరే ఉన్నాడు, తన దగ్గరే పోయాడు.

“వచ్చినోళ్ల కోసం రాయలేదప్పా. రానోళ్లు చదవాలని రాసినా. చదివి సిగ్గు పడతారని.”

“పడిరా?”

“మా పెద్దన్న కత్తిరించి పటం కట్టించుకునె. ఇంటికి వచ్చినోళ్లకంతా చూపించె, మా నాయనకు ఎంత బళగమో చూడండని.”

వాసవాంబ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆదినారాయణప్ప ఆ వరస విప్పలేదట. మరుసటి చావుకు అదే పెట్టాడట. బాగుందని జనం అన్నారట. రెండు మూడు చావుల తర్వాత వరస లేకుండా వస్తే ఇంటివాళ్లు వచ్చి మాకేం బంధువులు లేరా అని దెబ్బలాడారట. ఇంక అదే నిలిచిపోయింది.

నాకు జాలి కలగలేదు. ఆయన కోపం ఆయన దగ్గర పెట్టుకుని ఉంటే సరిపోయేది. జిల్లాలో ఉన్న చావులన్నిటి మీదా వేశాడు.

“మాట ఇస్తివి” అన్నాను.

“ఇస్తిని. రాసుకొని రా. తిట్లు మాత్రం వద్దు.”

ఇంటికి పోయి రాశాను. మొదట రాసినదాంట్లో నాగేశ్ పేరు ఎన్నోసార్లు వచ్చింది. చింపేశాను. రామకృష్ణయ్య తండ్రి ఒక్క మాటతో మనిషిని నిలబెట్టేవాడు. నేను రెండు పేజీలు రాసినా చిక్కమ్మ కనిపించలేదు, నాగేశే కనిపించాడు.

వినుత పేరు వేయాలంటే ఆమెను అడగాలి. శిడ్లఘట్ట పోయాను. కార్ఖానాలో ఆవిరి, ఉడికిన పురుగుల వాసన. వేడినీళ్లలో నాని ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. విషయం చెప్పాను.

“యెయ్యన్నా. ఆయప్ప మొదటి పెండ్లాం అని మాత్రం యెయ్యొద్దు.”

“ఇంకేమని యేసేది?”

“వదినెకు నేను ఏమైతే అది యెయ్యి.”

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఆమె వెళ్లిపోయింది. బస్సులో కూర్చుని ఆమె చిక్కమ్మకు ఏమవుతుందో ఆలోచించాను. పుస్తకాల ప్రకారం ఏమీ కాదు. చీర తేవాల్సింది పుట్టిల్లు. తెచ్చింది ఈమె. అయితే ఈమే పుట్టిల్లు. అదే రాశాను.

రాసింది ఇది:

‘సవరణ. కిందటేడు మిట్టేమరి చిక్కమ్మ మరణవార్తలో అపార బంధుబళగం అని వచ్చింది. అది తప్పు. ఆమెకు భర్త ఉన్నాడు. పుట్టింటి తరఫున వచ్చి చీర తెచ్చింది వినుత ఒక్కతే. చిక్కమ్మ చూసింది చూసినట్టు చెప్పేది.’

రామకృష్ణయ్య రెండుసార్లు చదివి కన్నడలోకి మార్చాడు. ‘పుట్టింటి తరఫున’ దగ్గర ఆగాడు. ఇది తిట్టు కాదు కదా అని తనలో తానే అనుకున్నాడు. తిట్టు కాదని నేను చెప్పాను. మరుసటి వారం, ఏడాది దినానికి ముందు వేస్తానన్నాడు.

రూపేష్‌ది కెంచార్లహళ్ళి. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసినా ఆపేవాడిని కాదు. సవరణ మాట అతని నోటి నుంచే నాగేశ్ దాకా పోయింది.

అచ్చుకు పోయే రోజు నేను అక్కడే ఉన్నాను. నాగేశ్ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో సంచి. లావయ్యాడు. నన్ను చూసి చెప్పులు బయట విడిచాడు. అంగడిలోకి ఎవరూ చెప్పులు విడిచి రారు.

“బావా.”

నేను కూర్చోమనలేదు. రామకృష్ణయ్య కూర్చోమన్నాడు. నాగేశ్ నిలబడే మాట్లాడాడు. జరిగిందేదో జరిగిపోయిందన్నాడు. ఆ రోజు రావాలనే బయలుదేరాడట, ఇంట్లో వాళ్లు పోనివ్వలేదట. ఇప్పుడు కూతురికి బాగేపల్లి సంబంధం నోటి దాకా వచ్చిందట. వాళ్ల ఇంటికి ఈ పత్రిక వస్తుందట. సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టాడు. పట్టు చీర, మంచిదే.

“ఏడాది దినానికి పది మందిని పిలుచుకొని వస్తా బావా. ఊరంతా చూస్తారు.”

“ఊరు చూస్తాది. చిక్కమ్మ చూడదు గదా.”

ఫ్యాను తిరుగుతోంది. చీర కొంగు కొంచెం లేచి పడుతోంది.

“నీ పేరు యాడా లేదు నాగేశు. చదువుకో.” కాగితం అతని ముందుకు తోశాను.

చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“నా పేరు లేకపోయేదే గదా బావా దెబ్బ” అన్నాడు.

అది నిజమే. వాడికి బుద్ధి లేదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

“ఆయమ్మను పుట్టిల్లు అంటాండావు. ఆయమ్మ మా ఇంటి మనిషి కాదు. కోర్టే చెప్పింది.”

“నీ పెండ్లాం కాదని కోర్టు చెప్పింది. మీ అక్కకు ఏమీ కాదని చెప్పలేదు.”

వాడు రామకృష్ణయ్య వైపు తిరిగాడు. మీరైనా చెప్పండి అన్నట్టు చూశాడు. రామకృష్ణయ్యకు తగాదాలు ఇష్టం ఉండవు, అంగడి మనిషి. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: అపార తప్పు అని వేసి ఆపుదాం, చీర మాట తీసేద్దాం, ఆడపిల్ల పెళ్లి కదా. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ పిల్లకు పెళ్లి కావడానికి చిక్కమ్మ చావు ఒక్కసారి వాడుకున్నారు. రెండోసారి ఇవ్వను.

“అపార తీసేసి ఆ చోట ఏమీ యెయ్యకపోతే ఎవరూ రాలేదని అయితాది శెట్రే. వచ్చిన మనిషి ఉండాది. ఆ మనిషి పేరు యెయ్యాల.”

లోపల వాసవాంబ గిన్నెల చప్పుడు ఆపింది. రామకృష్ణయ్య తన తండ్రి చావు వార్త ఉన్న కట్ట వైపు చూశాడు. అది ఇంకా మిద్దె మీదికి పోలేదు, బల్ల చివర ఉంది. తర్వాత వెనక గదిలోకి కేక వేశాడు.

“రూపేశూ, ఉండేది ఉన్నట్టే యెయ్యి. ఆ బటన్ నొక్కొద్దు.”

నాగేశ్ చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుంటూ ఒకసారి నా వైపు చూశాడు. వాడి కళ్లు అచ్చం అక్క కళ్లే. ఆ సంగతి నాకు ముందునుంచీ తెలుసు. దాని వల్ల ఏమీ మారలేదు.

సవరణ చివరి పేజీలో, గూళ్ల ధరల కింద వచ్చింది. అదే పేజీలో బట్లహళ్ళి వైపు ఒకాయన చావు వార్త ఉంది. అపార బంధుబళగాన్ని విడిచిపోయాడు. అది వాళ్ల ఇంటివాళ్లు చూసుకోవాలి.

ఏడాది దినం నాడు వినుత మొదటి బస్సుకే వచ్చింది. వంట ఆమే చేసింది. కిందటేడు గొణిగిన పెద్దమనుషులు వచ్చి తిన్నారు. వాళ్లలో ఒకాయన పత్రిక చదివి ఉన్నాడు. ఆమె వడ్డిస్తుంటే ఇంకొంచెం పులుసు పోయమ్మా అన్నాడు. అంతకుముందు ఆయన ఆమెను అమ్మా అని పిలవగా నేను వినలేదు.

నాగేశ్ రాలేదు. నేనే రావద్దన్నానని కెంచార్లహళ్ళిలో చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. కూతురి సంబంధం కుదిరిందో లేదో నాకు తెలియదు. నేను ఎవరినీ అడగలేదు.